నెల్లూరు అడితిలో పైన్ చెక్క: కొనేముందు కొస చూడండి

నేను కావలిలో వడ్రంగం చేస్తాను. నెల్లూరు దాటంగానే హైవే పక్కన ఉండే ఈ అడితికి ఇంతకాలం టేకు కోసమే పోయేవాణ్ణి. ఇప్పుడు అక్కడ సగం గోడౌను పైన్ చెక్కే. టేకు రేటు అట్టా ఉంది మరి, పిల్లల మంచాలకీ పుస్తకాల అరలకీ జనం దీన్నే అడుగుతున్నారు.

సరుకు మంచిదే. ఫిన్లాండ్, స్వీడన్ కట్టల్ని నేలకు తగలకుండా దుంగల మీద పేర్చినారు. తేమ మీటరు పెట్టి చూపించమంటే సేటు విసుక్కోడు. చిత్రిక పడితే పొట్టు రిబ్బనులాగా తెగకుండా లేస్తుంది. కొసను నున్నగా కోసి తడిగుడ్డతో తుడిస్తే వలయాలు బయటపడతాయి. ఒక ముక్కలో నాలుగు వేళ్ల వెడల్పుకి అరవై పైనే లెక్కపెట్టినా. ఆ దేశాల ఉత్తరపు కొసన చెట్టు ఎదిగేది ఏడాదికి మూడు నాలుగు నెలలే. లేత పట్టీ ఎండాకాలం మొదట్లో వేసింది, పక్కనున్న ముదురు గీత ఆ కాలం చివర్లోది. అట్టా సన్నసన్నగా పేరుకుంటూ కోతమిల్లుకి పనికొచ్చే లావయ్యేసరికి నూరేళ్లు దాటిపోతాయి. మన ఒంగోలు చుట్టుపక్కల జామాయిల్ నాలుగైదేళ్లకే కొట్టేస్తారు!

నాకు నచ్చనిది ఒకటే. పైన్, దాని పక్కనే పెరిగే స్ప్రూస్ అనే ఇంకో చెట్టు చెక్క, రెండూ ఒకే దొంతరలో, ఒకే రేటుకి పెట్టేస్తారు. పైన్‌కి చేవ, అంటే నడిమి చెక్క, ఎర్రగా ఉంటుంది, కోస్తే బంక వాసన గుప్పుమంటుంది. స్ప్రూస్ బయటినుంచి లోపలిదాకా తెల్లగానే ఉంటుంది, ముడులు చిన్నవి. చూపుకి స్ప్రూసే బాగుంటుంది, చిక్కంతా చెదలతో. ఆ చలిదేశాల అడవుల్లో చెదలు లేవు, వాటిని తట్టుకునే గుణం ఈ చెట్లకు అబ్బనూ లేదు. మనమే మందు పట్టించాలి. పైన్ బయటి చెక్క మందుని బాగా తాగుతుంది. స్ప్రూస్ ఆరేటప్పుడు దానిలో నీళ్లు నడిచే సన్నటి దారులు మూసుకుపోతాయి, ఎంత పూసినా మందు పైపైనే ఆగిపోతుంది. అందుకని గోడకి ఆనే పనికీ, నేలకి తగిలే కాళ్లకీ పైన్ చెక్కే ఏరుకోండి. ద్వారబంధాలకి రెండూ వద్దు.

స్ప్రూస్‌ని తక్కువ చెయ్యడం లేదు. స్వీడన్‌లో ఫులుఫ్యెల్ కొండ మీద ఒక స్ప్రూస్ ఉంది. దాని వేరు వయసు 9,550 ఏళ్లని కార్బన్ పరీక్షలో తేలింది. పైన కనిపించే మాను మాత్రం కొన్ని వందల ఏళ్లదే. ఒక మాను పోతే అదే వేరు నుంచి ఇంకోటి లేస్తుందంట. అంత మొండి చెట్టుకి మన చెదలు కొత్త, అంతే.

పైన్‌లో ముడుల గొడవ ఒకటుంది. దెబ్బ తగిలితే పూడ్చుకోవడానికి చెట్టు దాచుకున్న బంక మన మే నెల ఎండకి పెయింటు చీల్చుకుని బయటికొస్తుంది. ముడుల మీద ముందే లక్క పాలిష్ రెండు పూతలు వెయ్యండి.

గోడౌను వెనకాల చవగ్గా ఇంకో కుప్ప ఉంటుంది. అది ప్యాకింగ్ పెట్టెలు విప్పిన చెక్క. గోధుమ కంకి ముద్ర పక్కన అక్షరాలు చూడండి. హెచ్‌టీ అంటే చెక్క నడుమ దాకా 56 డిగ్రీల వేడి అరగంట పట్టించినారని. ఎంబీ అని ఉంటే విషపు పొగ పెట్టినారని, దాన్ని పిల్లల మంచానికి వాడబాకండి. ఈ సంగతి సేటు తనంతట తాను చెప్పడు, అడిగితే మాత్రం దాచడు.

కోత కూలి, లోడింగు బిల్లులో వేరేగా రాస్తాడు, ముందే మాట్లాడుకోండి. చిన్న ముక్కలకి మధ్యాహ్నం పోతే తీరిగ్గా ఏరుకోనిస్తారు, పొద్దున లారీల హడావుడిలో ఎవరూ పట్టించుకోరు.