రోటరీ టేబుల్ మీదికి ఫిక్స్చర్ ప్లేట్: ఇనుమా, అల్యూమినియమా? వలయాలా, గళ్లా?

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, అల్లూరు వైపు ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న మిల్లింగ్ మెషిన్ పెట్టుకుంటే రొయ్యల గుంటల పని రాక తప్పదు. ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) హబ్‌లు, బోల్టు చిల్లులు సాగిపోయిన ఫ్లాంజ్‌లు (బోల్టులతో బిగించే గుండ్రటి అంచు బిళ్లలు), ఇలాంటివే ఎక్కువ. రోటరీ టేబుల్ (కావలసిన కోణానికి తిప్పగల గుండ్రటి బల్ల) ఉంటే కోణాల లెక్క సులువే. చిక్కల్లా జాబ్‌ను, అంటే కోయాల్సిన ముక్కను, పట్టి ఉంచడంలోనే. 6 అంగుళాల టేబుల్ మీద చిన్న ఫ్లాంజ్ పెడితే క్లాంపులు కట్టర్‌కు అడ్డొస్తాయి. డ్రిల్ కాస్త ఎక్కువ దిగితే టేబుల్‌కే గాటు పడుతుంది. అందుకే పైన జాబ్‌ను బోల్టులతో పట్టుకునే మర చిల్లులున్న ఒక ప్లేట్, అంటే ఫిక్స్చర్ ప్లేట్, బిగించుకోవాలి. 200 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. మందం అనుకుందాం.

అది ఎంఎస్‌తో (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) చేస్తే దాదాపు 4.9 కిలోలు, అల్యూమినియంతో అయితే 1.7 కిలోలు. టేబుల్ పడుకుని ఉన్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు. నిలువుగా నిలబెట్టి తిప్పేటప్పుడు, ముఖ్యంగా ఎక్కించి దించేటప్పుడు, చేతికి బాగానే తెలుస్తుంది.

ఎంఎస్ పాత ఇనుము కొట్లో చవగ్గా దొరుకుతుంది. మరలు గట్టిగా ఉంటాయి, డయల్ గేజ్ (సన్నటి ఎత్తుపల్లాలు చూపే ముల్లు గేజ్) మాగ్నెట్ స్టాండ్ దానికి అతుక్కుంటుంది, అవసరమైతే ఒక స్టాపర్‌ను వెల్డింగ్ చుక్కతో అంటించుకోవచ్చు. అల్యూమినియంతో ఇవేవీ కుదరవు. కానీ ఎంఎస్ ప్లేట్ లోపల ఒత్తిడి దాగి ఉంటుంది. ఒక వైపే కట్ వేస్తే అది వంగుతుంది, బ్రైట్ ప్లేట్ (వేడి చేయకుండానే నునుపు తేల్చిన రకం) అయితే మరీను. గ్యాస్ కటింగ్ చేసిన అంచు టూల్‌ను తినేస్తుంది. పైగా సముద్రపు గాలి ఉంది. నూనె రాయకుండా వానాకాలం వదిలేస్తే తుప్పు పడుతుంది, ఆ తుప్పు కిందకూ చేరితే ప్లేట్ సమంగా కూర్చోదు.

అల్యూమినియంలో 6061 గానీ 6082 గానీ (రెండూ గట్టి మిశ్రమ రకాలు) తీసుకోవాలి. గిన్నెల రకం మెత్తటి రేకు కట్టర్‌కు అంటుకుంటుంది. చిన్న మెషిన్ మీద 6061 హాయిగా తెగుతుంది, ట్యాప్ వేసేటప్పుడు (చిల్లులో మర కోసేటప్పుడు) కిరోసిన్ చుక్క చాలు. దీని బలహీనత మరల దగ్గరే. ఎం8 (8 మి.మీ.) బోల్టుకు కనీసం 12 నుంచి 16 మి.మీ. లోతు మర కావాలి, పదేపదే విప్పి బిగిస్తే అది అరుగుతుంది. అరిగినచోట హెలికాయిల్ (మరలో దూర్చే స్టీల్ తీగ చుట్ట) వేస్తే కొత్తదాని కంటే గట్టిగా ఉంటుంది. ఉప్పుగాలిలో స్టీల్ బోల్టును నెలల తరబడి వదిలేస్తే తెల్లటి పొడి పట్టి బిగుసుకుపోతుంది కాబట్టి గ్రీజు రాయక తప్పదు.

నా ఓటు అల్యూమినియానికే. ఇంట్లో పెట్టుకునే మెషిన్ వేసే కట్ లోడుకు అది చాలు.

అసలు ఆలోచించాల్సింది చిల్లుల అమరిక. గళ్ల అమరిక చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పలకల జాబ్‌లకు సుఖం కూడా. కానీ డీఆర్ఓ (టేబుల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపే పరికరం) లేని మెషిన్ మీద వరుసగా ఆ చిల్లులు వేయడం హ్యాండిల్ బ్యాక్‌లాష్‌తో (మరలోని వదులుతో) పోరాటమే. వలయాలైతే రోటరీయే వేసిపెడుతుంది. 90:1 టేబుల్‌లో, అంటే హ్యాండిల్ 90 చుట్లకు టేబుల్ ఒక చుట్టు తిరిగే దానిలో, హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే 4 డిగ్రీలు. 12 చిల్లులకు ఒక్కోదానికి ఏడున్నర చుట్లు, 6 చిల్లులకు 15. 60, 110, 160 మి.మీ. పీసీడీలు (చిల్లుల వలయాల వ్యాసాలు) పెట్టి, లోపలి దానికి 6, మిగతావాటికి 12 వేస్తే మన పనికి సరిపోతుంది. మొదటి చిల్లు టీ స్లాట్ (బోల్టులు దూర్చడానికి టేబుల్‌లో ఉండే గాడి) నుంచి 15 డిగ్రీల పక్కన మొదలుపెడితే ప్లేట్‌ను బిగించే బోల్టులకు ఏదీ అడ్డు రాదు. ఆ బోల్టుల తలలు మునిగేలా కౌంటర్‌బోర్ (చిల్లు పైభాగాన వెడల్పు గుంట) మాత్రం తప్పదు. రోటరీ మీద సెంటర్ డ్రిల్‌తో గుర్తులు పెట్టి, ప్లేట్ ఊడదీసి, ఎం8 మరకు 6.8 మి.మీ. డ్రిల్ బయట వేయండి.

తర్వాత ప్లేట్‌ను మళ్లీ బిగించి, పైన పల్చగా ఒక ఫేసింగ్ కట్ (పై ముఖాన్ని సమం చేసే కోత) వేయాలి. నడిమి బోరు కూడా అప్పుడే చేయాలి, అప్పుడే అది టేబుల్ ఇరుసుకు సరిగ్గా వస్తుంది. ప్లేట్ ఎప్పుడూ అదే దిక్కులో కూర్చోవడానికి అంచున ఒక గీత కొట్టుకోవాలి. సమంగా ఉందో లేదో చూడ్డానికి చీమకుర్తి గ్రానైట్ ముక్క మీద పెట్టి చూస్తామంటారు కొందరు. రాయి అద్దంలా మెరిసినంత మాత్రాన సర్ఫేస్ ప్లేట్ (కచ్చితంగా సమంగా చేసిన కొలత బల్ల) అయిపోదు. స్పిండిల్‌కు డయల్ కట్టి టేబుల్ తిప్పి చూడ్డమే నయం.

ఏ లోహమైనా ఒకటే జాగ్రత్త: చిల్లులు అవతలికి ఉంటాయి కాబట్టి బోల్టు పొడుగైతే కింద టేబుల్‌కు తగిలి ప్లేట్‌నే పైకి లేపుతుంది. అందుకే బోల్టులను 20 మి.మీ.కు మించి లోపలికి దిగకుండా కోసి, ఈ ప్లేట్ కోసమే వేరే డబ్బాలో పెట్టుకోండి. ఖాళీ చిల్లుల్లో చిప్స్ (కోతలో రాలే లోహపు పొట్టు) చేరకుండా గ్రబ్ స్క్రూలు (తల లేని మరలు) వేయండి.