ఒంటరి ఆటకు మొదటి పెట్టె: ‘ఫ్రైడే’తో నాలుగేళ్లు

మా అమ్మమ్మ మధ్యాహ్నం పూట వామనగుంటల పీట ముందు ఒక్కతే కూర్చునేది. ఒక గుంటలో ఏడు చింతపిక్కలు, పక్క గుంటలో ఆరు, ఆ పక్కన ఐదు, అలా ఒకటి దాకా పేర్చుకుని, ఏడు పిక్కల గుంటను తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోయేది. అలా వేస్తే ఆ వరుస చెదరకుండా మొత్తంగా ఒక గుంట ముందుకు జరుగుతుంది. పద్నాలుగు సార్లు వేసేసరికి పిక్కలన్నీ బయలుదేరిన చోటికే చేరతాయి. అశోకవనంలో సీతమ్మ ఆడుకున్న ఆట ఇదేనని ఆవిడ చెప్పేది. అందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. అందుకే, నాలుగేళ్ల కిందట ఒంటరిగా ఆడే బోర్డు గేముల కోసం వెతకడం మొదలుపెట్టినప్పుడు, ఎదురుగా మనిషి లేకుండా నిజంగా ఓడిపోగల ఆట ఉంటుందా అన్నదే నాకు మొదట కలిగిన సందేహం.

ఉంటుంది. అయితే నేను మొదట కొన్నది సరైన పెట్టె కాదు. పేరు బాగా విన్నానని, ప్రపంచమంతా పాకే రోగాలను అరికట్టే ఆట, మాట్ లీకాక్ రూపొందించిన ‘పాండెమిక్’ తెప్పించాను. 2008లో వచ్చిన ఈ ఆట మంచిదే, కానీ పెట్టె మీద ఆడేవారు ఇద్దరి నుంచి నలుగురని ఉంటుంది. ఒక్కరే ఆడాలంటే రెండు పాత్రలను మనమే నడపాలి. ఆట మొదలయ్యే ముందే 48 నగరాల ముక్కలు కలిపి, వాటిలో తొమ్మిది తీసి, మూడు నగరాల్లో మూడేసి, మరో మూడింట రెండేసి, చివరి మూడింట ఒక్కొక్కటి చొప్పున రోగపు ఘనాలు పెట్టి, ఆపై ఇంకో కట్టను భాగాలు చేసి ఒక్కో భాగంలో ఒక్కో మహమ్మారి ముక్కను దూర్చాలి. నలుగురు కూర్చుంటే ఈ పనిని తలా ఒక చేయి వేసి కబుర్లలో చేసేస్తారు. ఒక్కడే చేసేటప్పుడు, ఆఫీసు నుంచి వచ్చి టీ కప్పు పక్కన పెట్టుకుని మొదలుపెడితే, పేర్చడం పూర్తయ్యేసరికి టీ చల్లారేది, నాకు ఆవులింతలు వచ్చేవి. మూడు నెలల్లో నేను దాన్ని ఆడింది ఐదు సార్లు. కొత్తవారు ఆట ఎంచుకునేటప్పుడు సమీక్షల్లో ఎవరెన్ని చుక్కలు ఇచ్చారని కాక, అలసిన రోజున కూడా ఆ పెట్టె అటక దిగుతుందా అని చూసుకోవాలని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాత వచ్చినది ‘ఫ్రైడే’. జర్మనీకి చెందిన ఫ్రీడెమాన్ ఫ్రీజ 2011లో విడుదల చేసిన ఈ ఆట కేవలం ఒక్కరి కోసమే తయారైంది. ఇద్దరు ఆడే నియమమే అందులో లేదు. 72 ముక్కలు, మూడు చిన్న అట్టలు, ప్రాణాలను లెక్కించడానికి 22 చెక్క ఆకులు, అంతే సరంజామా. పేర్చడానికి రెండు మూడు నిమిషాలు, ఆడటానికి అరగంట లోపు పడుతుంది. కథ రాబిన్సన్ క్రూసోది, మనం మాత్రం ఫ్రైడే. తన దీవిలో ప్రశాంతంగా బతుకుతున్న ఫ్రైడేకి, ఓడ పగిలి వచ్చి పడ్డ రాబిన్సన్‌కు బతకడం నేర్పి వీలైనంత త్వరగా సాగనంపితే చాలునని ఉంటుంది. నవలలో రాబిన్సన్ యజమాని, ఫ్రైడే సేవకుడు; ఆ సంబంధాన్ని ఇలా తిరగేయడం నాకు నచ్చింది.

ఆట సాగే తీరును కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని బలమంతా అక్కడే ఉంది. రాబిన్సన్‌కు మొదట ఇచ్చే 18 ముక్కల్లో చాలావరకు విలువ సున్నా లేదా మైనస్ ఒకటి; అంటే అతడికి ఏమీ చేతకాదు. ప్రతి వంతులో అపాయాల కట్ట నుంచి రెండు ముక్కలు తీసి, వాటిలో ఒకదాన్ని ఎదుర్కోవడానికి ఎంచుకోవాలి. ఎంచుకున్న ముక్క మీద ఉన్న సంఖ్యను బట్టి రాబిన్సన్ కట్ట నుంచి కొన్ని ముక్కలు ఉచితంగా వస్తాయి. అవి చాలకపోతే ఒక్కో ప్రాణం చెల్లించి ఒక్కో ముక్క అదనంగా తీయవచ్చు. మొత్తం విలువ అపాయానికి సరిపోతే గెలిచినట్టు. అప్పుడు ఆ అపాయపు ముక్కను తలకిందులు చేస్తే దాని రెండో కొస మీద ఒక నైపుణ్యం కనిపిస్తుంది, అది ఇకపై రాబిన్సన్ సొంతం. ఎంచుకోకుండా వదిలేసిన అపాయం ఎక్కడికీ పోదు. అపాయాల కట్ట ఒకసారి అయిపోగానే ముక్కల మీది పచ్చ అంకెలు పోయి పసుపు, ఆ తర్వాత ఎరుపు అంకెలు అమల్లోకి వస్తాయి కనుక, మొదట్లో తప్పించుకున్నదే మళ్లీ పెద్దదై ఎదురవుతుంది. ఎరుపు దశ కూడా దాటితే ఇద్దరు ఓడదొంగలను ఓడించాలి.

మొదటి ఇరవై ఆటల్లో నేను చేసిన తప్పు ఒక్కటే: ప్రతి అపాయాన్నీ గెలవాలనుకోవడం. ఒక అపాయం విలువ మూడు, ఉచితంగా వచ్చిన ముక్కలన్నీ కలిపితే సున్నా అనుకుందాం. నేను ఒక ఆకు ఇచ్చి ఇంకో ముక్క తీసేవాణ్ణి, సున్నా పడేది; మరో ఆకు ఇచ్చేవాణ్ణి, మైనస్ ఒకటి పడేది; పేకాటలో పోగొట్టుకున్నది రాబట్టుకునే యావలాంటిదే అది. తీరా నియమం చూస్తే, ఓడిపోతే తక్కువపడ్డ మూడు ప్రాణాలు ఇవ్వాలి గానీ, ఆ ఇచ్చిన మూడింటికి బదులుగా ఆ పోరులో పడ్డ పనికిరాని ముక్కలు మూడింటిని కట్ట నుంచి శాశ్వతంగా తీసిపారేయవచ్చు. పచ్చ దశలో కావాలనే ఓడి చెత్త ఏరేయడమే ఆటలోని అసలు కిటుకు. అలాగని కట్టను మరీ పలచన చేయడం కూడా కుదరదు, ఎందుకంటే రాబిన్సన్ కట్ట అయిపోయిన ప్రతిసారీ రాబిన్సన్‌ను బలహీనపరిచే ఒక వృద్ధాప్యపు ముక్కను చేర్చి మళ్లీ కలపాలి. కట్ట ఎంత చిన్నదైతే ముసలితనం అంత త్వరగా ముంచుకొస్తుంది, ఆ ముక్కను వదిలించుకోవడానికి ఒకటి కాదు రెండు ప్రాణాలు కావాలి. ఓడిన ప్రతిసారీ ఎక్కడ తప్పటడుగు వేశానో వేలు పెట్టి చూపగలిగేవాణ్ణి. కొత్తవారికి ఇంతకంటే మంచి గురువు దొరకడు.

వాడకం గురించి కొన్ని మాటలు. నాకు వచ్చిన పెట్టెలో రెండు ఆకులు తక్కువ. అమ్మిన దుకాణానికి రెండుసార్లు రాసినా జవాబు రాలేదు, ఈ నాలుగేళ్లూ రెండు చింతపిక్కలతో నెట్టుకొస్తున్నాను. మాది విశాఖ, సముద్రపు తేమకు ముక్కలు ఒక పక్కకు వంగాయి. పైన ఫ్యాను తిరుగుతుంటే ఎండాకాలంలో తీసిన ముక్కలు ఎగిరిపోతుంటాయి కనుక, టేబుల్ మీద దుప్పటి పరచుకుని ఆడటం అలవాటైంది. ముక్కలు కలిపీ కలిపీ రెండో ఏడాదికే అంచులు తెల్లబడ్డాయి. వెనక మరక ఉన్న ముక్క ఏదో చూడకుండానే తెలిసిపోయే స్థితి వచ్చింది. ప్లాస్టిక్ తొడుగులు వేయదలచినవారు ముందుగా ముక్కను స్కేలుతో కొలుచుకోవాలి, మామూలు పేక ముక్కల తొడుగులు దీనికి సరిపోలేదు. నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా భాష తేలికే. ముక్కల మీద మాత్రం అక్షరాలు చిన్నవి. రాత్రి దీపం కింద నా కళ్లకు అద్దాలు తప్పవు.

పోల్చి చూసుకోవడానికి తర్వాత మరికొన్ని ఆడాను. షాదీ తోర్బే రూపొందించిన ‘ఒనిరిమ్’ను చాలామంది కొత్తవారికి సూచిస్తుంటారు. ఒకే రంగు ముక్కలు మూడింటిని, పక్కపక్కన ఒకే గుర్తు రాకుండా వేస్తే ఒక తలుపు తెరుచుకుంటుంది. కట్ట అయిపోయేలోగా ఎనిమిది తలుపులు తెరవాలి. నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు, పది పీడకలల ముక్కల్లో ఒకటి పడినప్పుడు చేతిలోని తాళంచెవిని వదులుకోవాలా, కట్టలోంచి ఐదు ముక్కలు పోగొట్టుకోవాలా అనే మీమాంస బాగుంటుంది. కానీ తలుపు దొరికిన ప్రతిసారీ కట్టను మళ్లీ కలపాలి. 76 ముక్కలను ఒక్క ఆటలో అన్నిసార్లు కలపడం నా మణికట్టుకు నచ్చలేదు.

‘వింగ్‌స్పాన్’ను బంధువుల ఇంట్లో ఆడాను. 170 పక్షుల బొమ్మలు చూడటానికే ఒక సాయంత్రం సరిపోతుంది. ఒంటరిగా ఆడేటప్పుడు ‘ఆటోమా’ అనే ముక్కల కట్ట ఎదుటి ఆటగాడి స్థానంలో ఉంటుంది. సొంత వంతు ఎలా ఆడాలో ఇంకా తెలియని రోజుల్లో, లేని మనిషి లెక్కలు కూడా చూసుకోవడం బరువుగా తోచింది. 2022లో, ఏటా ఒక ఆటకు జర్మనీ వారు ఇచ్చే ‘ష్పీల్ డెస్ యారెస్’ బహుమతి పొందిన ‘కాస్కేడియా’లో ఆ బెడద లేదు, ఇరవై వంతుల్లో పలకలూ జంతువులూ పేర్చి మన పాత స్కోరును దాటడమే పని. ఓటమి భయం లేకుండా ఆడాలనుకునేవారికి అదే మేలు. నాకు మాత్రం ఎదురుదెబ్బ తగలని ఆట కాసేపటికి చప్పగా అనిపిస్తుంది. మన ఎగ్జిబిషన్లలో దొరికే బ్రెయిన్‌వీటా అన్నిటికంటే చవక. 33 గుంటల్లో 32 గోళీలు, చివరికి ఒక్కటి నడిమి గుంటలో మిగలాలి. అయితే అది ప్రతిసారీ ఒకే చోట మొదలవుతుంది, దారి ఒకసారి దొరికిందంటే ఇక వెతకడానికేమీ ఉండదు.

‘ఫ్రైడే’కి లోపాలు లేవనను. దిగుమతి సరుకు కావడంతో ఆ చిన్న పెట్టెకు ధర ఎక్కువే అనిపిస్తుంది. ఓడదొంగలు ఎవరో మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంటారు, కొన్ని జతలు పడితే ఎంత బాగా ఆడినా గెలుపు కష్టం. ఆటకు నాలుగు స్థాయిలు ఉన్నాయి. రెండో స్థాయి నుంచి ఒక వృద్ధాప్యపు ముక్క మొదట్లోనే కట్టలో కలిసి ఉంటుంది కనుక, కొత్తవారు మొదటి స్థాయిలో వరుసగా రెండు మూడు సార్లు గెలిచేదాకా పైకి పోకపోవడం మంచిది. ఇంకొక మాట: ఆకులన్నీ అయిపోయినంత మాత్రాన ఆట అయిపోయినట్టు కాదు, చెల్లించవలసి వచ్చి చెల్లించలేనప్పుడే ఓటమి. ఈ సంగతి సరిగా చదువుకోక, నేను మొదటి నెలంతా బతికి ఉన్న రాబిన్సన్‌ను చచ్చాడనుకుని పెట్టె సర్దేసేవాణ్ణి.