ఉడత కొరకలేని జాలీ

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. పోయినేడాది బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కన గోడ కంతలో ఒకటే గరగర. ఎలుకే అనుకుని, డబ్బాలోంచి నురగలా వచ్చి గట్టిపడే ఫోమ్ కొట్టేశాను. మర్నాడు పొద్దున చూస్తే ఒక ఉడత గోడకి అతుక్కుని అరుస్తోంది. లోపల పిల్లలు! వసంతంలో ఇవి ఇంట్లోకి దూరేది ఎక్కువగా పిల్లల్ని పెట్టుకోవడానికే అని నాకు అప్పటిదాకా తట్టలేదు. నేను స్క్రూడ్రైవర్ తెచ్చేలోపే ఫోమ్ సగం కొరికేసింది. మిగతాది నేను తవ్వాను. ఇంకా కళ్లు తెరవని మూడు పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తీసుకుపోయింది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

ఈసారి చలి ఇంకా పోకముందే స్టీల్ జాలీ చుట్ట కొన్నాను. అడుగు వెడల్పు, మూడు మీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల కన్నాలు. ఆ 6 చూసే కొన్నాను. పెన్సిల్ పట్టే సందు దొరికితే చాలు, చిట్టెలుక దూరిపోతుంది. 12 మిల్లీమీటర్ల జాలీ పెద్ద ఎలుకల్ని ఆపుతుంది కానీ వీటిని ఆపలేదు.

పెట్టె మీద ‘మామూలు కత్తెరతో కోయవచ్చు’ అని ఉంది. శుద్ధ అబద్ధం. నాలుగు కోతలకే మా ఇంటి కత్తెర మొండిబారింది, మావారి చేత చీవాట్లు కూడా తిన్నాను. రేకులు కోసే కత్తెర కావాల్సిందే. గ్లవ్స్ కూడా, కోసిన అంచు బ్లేడులా ఉంటుంది. దాంతోపాటు ఇచ్చిన పిన్నులు లాగితే ఊడొచ్చేలా ఉన్నాయి. వాటిని పక్కన పడేసి స్క్రూలు, వాషర్లు వేశాను. జాలీని కంత కన్నా అన్నివైపులా రెండంగుళాలు పెద్దదిగా కోస్తే స్క్రూలకి గట్టి గోడ దొరుకుతుంది.

బిగించే ముందు ఈసారి తొందరపడలేదు. న్యూస్‌పేపర్ ఉండచుట్టి కంతలో వదులుగా కుక్కాను. రెండో రోజే అది కింద పడి ఉంది. అంటే లోపల ఎవరో ఉన్నారన్నమాట! మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. మూడు రోజులు వరసగా కదలకుండా ఉన్నాకే స్క్రూ తిప్పాను.

అన్నిచోట్లా పనికొస్తుందనుకోకండి. వంటింటి చిమ్నీ పైపు బయటి మూతికీ ఇదే వేశాను. నెల తిరిగేసరికి జిడ్డు పట్టి పొగ లోపలికే తన్నింది. తీసేసి, గాలికి బయటికి తెరుచుకునే మూత పెట్టించాను. బట్టలు ఆరబెట్టే మెషిన్ గొట్టానికైతే అసలు వద్దు, నూలుపోగులు చేరి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. బాల్కనీకి ఇంత సన్న జాలీ దండగ, పావురాలకి 50 మిల్లీమీటర్ల నెట్ సరిపోతుంది. మా ఏసీ వెనక అప్పటికే రెండు గుడ్లు ఉన్నాయి. పొదగడానికి 18 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల. అవి వెళ్లేదాకా ఆ రెట్ట కడుగుతూనే ఉన్నాను, నెట్ ఆ తర్వాతే కట్టించాం.

జాలీ బిగించి రెండు నెలలైంది. ఉడత ఇప్పటికీ వస్తుంది, వాసన చూస్తుంది, తీగ మీద పళ్లు పెట్టి చూస్తుంది, వెళ్లిపోతుంది. గీత కూడా పడలేదు. ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ మా కత్తెర ఖాతాలో తగ్గించాను.