గానుగ నూనెను తేట చేయడం: డ్రమ్ము, గుడ్డ, ఫిల్టర్ ప్రెస్ మూడూ వాడి చూశాక

కదిరి దగ్గర మా ఊళ్లో నాలుగేళ్లుగా చిన్న కట్టె గానుగ నడుపుతున్నా. సొంత పొలంలో పండిన కె-6 రకం చెనిక్కాయలే (వేరుశనగ) సరుకు. పది కిలోల పప్పు ఆడితే నాలుగు కిలోల దాకా నూనె దిగుతుంది. దిగినప్పుడు మాత్రం చూసి ఎవరూ కొనరు, బురదనీళ్లలా ఉంటుంది.

మొదటి రెండేళ్లూ స్టీలు డ్రమ్మే. కుళాయిని అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తున పెట్టించా. ఎండాకాలం నాలుగైదు రోజుల్లో నూనె తేరుకునేది. చలికాలం చిక్కబడి వారం దాటినా మబ్బుగానే ఉండేది. ఖర్చు లేదు, కరెంటు లేదు. బాధల్లా మడ్డితోనే. పదిహేను లీటర్లకు ముప్పావు లీటరు నూనె అందులో చిక్కుకుపోయేది. అది గేదె దాణాలోకి. ఆ మడ్డి మీదే నూనెను ఎక్కువ రోజులు ఉంచితే పైదానికీ ముక్కిపోయిన వాసన అంటుకుంటుంది. అవ్వ చెప్పిందని కల్లుప్పు వేసి చూశా, బెల్లం ముక్క వేసి చూశా. నాకైతే తేడా కనిపించలేదు. అవ్వ ముందు అనలేదనుకోండి.

మల్‌మల్ గుడ్డ ఇంటివరకూ చాలు. చెత్త ఆగుతుంది, సన్నమడ్డి ఆగదు.

మూడో ఏడు చిన్న ఫిల్టర్ ప్రెస్ కొన్నా. పలకల మధ్య కాన్వాస్ గుడ్డలు బిగిస్తాం, పంపు నూనెను వాటిగుండా నెడుతుంది. మొదటిరోజు ఆన్ చేస్తే మబ్బు నూనే వచ్చింది, డబ్బులు పోయాయని టెన్షన్ పడ్డా. తర్వాత అర్థమైంది, అసలు వడగట్టేది గుడ్డ కాదు, దాని మీద పేరుకునే మడ్డి పొర. ఆ పొర కట్టేదాకా వచ్చిన నూనెను మళ్లీ తొట్టిలోకే పోస్తా. కాసేపటికి ధార రంగు మారుతుంది. గ్లాసులో పట్టి వెనకాల పేపరు పెడితే అక్షరాలు చదువుకోవచ్చు.

గుడ్డలు ఉతకడమే పెద్ద పని. వేడినీళ్లలో సోడా వేసి నానబెట్టి, కర్రతో బాది, ఎండలో గలగలలాడేలా ఆరబెట్టాలి. ఒక వానాకాలం తొందరపడి చెమ్మ గుడ్డలే బిగించా. రెండో రోజుకే పక్కవీధి అత్త డబ్బా పట్టుకుని వచ్చింది. "ఏమప్పా, బాండ్లిలో పోస్తే చిటపటమంటాందే, నీళ్లు గాని కలిపినావా?" డబ్బా మార్చి ఇచ్చా, మాట మాత్రం పడ్డా. ఇప్పుడు రెండు జతల గుడ్డలు పెట్టుకున్నా.

చాలామంది తేట నూనె అంటే శుద్ధమైన నూనె అనుకుంటారు. ప్రెస్ తీసేది మడ్డినే. రిఫైనరీలో కాస్టిక్ సోడాతో ఆమ్లాలు తీస్తారు, ముల్తానీ మట్టి లాంటి మట్టితో రంగు లాగుతారు, రెండొందల డిగ్రీలు దాటిన వేడి మీద ఆవిరి పట్టి వాసన పోగొడతారు. మన దగ్గర అవేవీ లేవు. బూజు పట్టిన పప్పు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ విషం నూనెలోకి దిగితే ఏ గుడ్డా పూర్తిగా ఆపలేదు. అందుకే ఆడించే ముందు మా ఇంట్లో ముగ్గురం కూర్చుని నల్లవి, ముడతలు పడ్డవి, బూజువి ఏరేస్తాం. మిషన్ కొన్నాక కూడా ఈ పని గంటసేపైనా తగ్గలేదు.

ఇప్పుడు రెండు రోజులు డ్రమ్ములో తేరబెట్టి, పై నూనెనే ప్రెస్‌కు ఎక్కిస్తున్నా. గుడ్డలు తొందరగా పూడుకుపోవడం లేదు. అడుగు మడ్డిని చివర్లో విడిగా ఎక్కిస్తే అందులో చిక్కిన నూనె చాలావరకు తిరిగొస్తోంది. ఇంటి వాడకానికి నెలకు పది కిలోలు ఆడించుకునేవాళ్లు మాత్రం ప్రెస్ జోలికి పోకండి, డ్రమ్ము కొనుక్కోండి. కుళాయి ఎత్తు మాత్రం మరిచిపోవద్దు.