గాలికి నిలిచిన గుడారం: ఏడేళ్ల వాడకం తర్వాత

ఈ గుడారం కొని ఏడేళ్లయింది. వెళ్లిన ప్రతి చోటునూ, పడుకున్న ప్రతి రాత్రినీ నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు ఉంది కాబట్టి లెక్క కచ్చితంగా చెప్పగలను: ఇప్పటికి 63 రాత్రులు. సగానికి పైగా హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో గడిచాయి. మిగిలినవి సహ్యాద్రిలో, మన వికారాబాద్ దగ్గరి అనంతగిరిలో. వాటిలో గాలి మమ్మల్ని నిద్రపోనివ్వని రాత్రులు ఓ పది ఉంటాయి. నేను రాసేది ఆ పది రాత్రుల గురించే. గాలి లేని చోట రెండు వేల రూపాయల గుడారంలోనూ హాయిగానే నిద్రపడుతుంది.

ముందు వస్తువు సంగతి. ఇద్దరు పట్టే రెండు పొరల గుడారం ఇది. లోపల సన్నని జాలీ గది, పైన నైలాన్ తొడుగు. మూడు అల్యూమినియం పోల్స్ ఒకదాన్నొకటి మూడు చోట్ల దాటుతాయి. మేకులు, తాళ్లతో కలిపి బరువు 2.9 కిలోలు. తల వైపు ఎత్తుగా ఉండి, కాళ్ల వైపు నేలకు దిగిపోతుంది. ఆ కొసను మేము తోక అంటాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ నమూనా ఇప్పుడు దొరకదు, ఇదే కట్టు ఉన్న గుడారాలు చాలా చోట్ల దొరుకుతున్నాయి.

అంతకు ముందు నా దగ్గర ఉన్నది ఫైబర్‌గ్లాస్ పోల్స్ గుడారం. మహారాష్ట్రలోని హరిశ్చంద్రగఢ్‌లో, కొంకణ్ కడా అనే కొండ అంచుకు కొంత వెనకగా వేశాం. ఆ కొండ ముఖం కొంకణం వైపు నిలువుగా తెగి, నడుమ లోపలికి గుంటపడి ఉంటుంది. కింది నుంచి ఎక్కే గాలి దానికి కొట్టుకుని అంచు మీదుగా విరుచుకుపడుతుంది. చీకటి పడే వేళకు ఒక పోల్ చిట్లింది. అల్యూమినియం అయితే వంగుతుంది. ఫైబర్‌గ్లాస్ నిలువునా చీలి పుల్లలు పుల్లలుగా విడిపోతుంది. ఆ పుల్లలే పై తొడుగును కోసేశాయి. తెల్లారేదాకా చిరిగిన గుడ్డ చుట్టుకుని కూర్చున్నాం. హైదరాబాద్ చేరిన వారంలోపే ఈ గుడారం కొన్నాను.

గాలి విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. వేగం రెట్టింపయితే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 4 కిలోల బరువుతో నెడితే, 60 కిలోమీటర్ల గాలి 17 కిలోలతో నెడుతుంది. గుడారం పక్క గోడ రెండు చదరపు మీటర్లనుకుంటే 34 కిలోలు. అది ఒక్కసారి నెట్టి ఊరుకోదు, రాత్రంతా ఊపుతుంది. నాలుగు వేల మీటర్ల ఎత్తులో గాలి పలచబడి అదే వేగానికి తోపు మూడో వంతు తగ్గుతుంది. కాకపోతే ఆ ఎత్తులో గాలి వేగమే ఎక్కువ.

ఇక అసలు రాత్రి. ఉన్నది మా బావ, నేను. హిమాచల్‌లోని హంప్తా కనుమ ఎత్తు దాదాపు 4,270 మీటర్లు. కులు వైపు పచ్చదనం నుంచి ఎక్కి, అవతల లాహౌల్ వైపు బోసి కొండల్లోకి దిగుతాం. దిగాక వచ్చే మజిలీ షియాగోరు. అక్కడి చలి గురించి, గాలి గురించి ముందే విన్నాం. మధ్యాహ్నం మూడింటికి చేరేసరికి లోయలోంచి గాలి ఎదురు కొడుతోంది. తోకను గాలికి ఎదురుగా పెట్టాలన్న నియమం తెలుసు కాబట్టి లోయ వైపు తోక పెట్టి, వాకిలిని కొండ వైపు తిప్పి వేశాం. చేసిన తప్పు అదే.

పగటి ఎండకు కొండవాలు వేడెక్కి గాలి లోయలోంచి పైకి ఎక్కుతుంది. పొద్దు వాలాక శిఖరాల మీద చల్లబడి బరువెక్కిన గాలి కిందికి జారుతుంది. గుడారం వేసేటప్పుడు ముఖానికి కొట్టిన గాలి రాత్రికి వెనక నుంచి వస్తుందన్నమాట. సమతల భూమి మీద పెరిగిన మనకు ఇది తోచదు. హైదరాబాద్‌లో ఆషాఢపు గాలి పడమర నుంచి మొదలైతే వారాల తరబడి అటు నుంచే వీస్తుంది. కొండ మీద పూటకో దిక్కు.

రాత్రి పదకొండు దాటాక మొదటి విసురు నేరుగా వాకిలి మీద పడింది. తల వైపు గుడ్డ ఉబ్బి, చప్పున అణిగి, మళ్లీ ఉబ్బింది. టార్చి వేసి చూస్తే ఎడమ పోల్ లోపలికి వంగి నా భుజాన్ని తాకుతోంది. అరచెయ్యి ఆనిస్తే, ప్రతి విసురుకూ అది చేతిని నెట్టి మళ్లీ వెనక్కి వెళ్తోంది. అంతలో బయట ఏదో టక్కున తెగినట్టు చప్పుడైంది.

"బావా, ఈ పోల్‌ను చేత్తో ఆపి పట్టుకోండి. నేను బయటికి వెళ్లి చూస్తాను."

"తొందరపడకు. ముందు బూట్లు వేసుకో, టార్చి తలకు కట్టుకో. నేను పట్టుకున్నాను, వెళ్లు."

తాడు తెగలేదు, మేకు ఊడింది. తాడు చివర వేలాడుతూ చీకట్లో కొరడాలా కొట్టుకుంటోంది. అది కంటికి తగిలితే అంతే. తాడును గుడారం దగ్గర పట్టుకుని కొసదాకా చెయ్యి జార్చుకుంటూ వెళ్లి మేకును అందుకున్నాను. గుడారంతో వచ్చిన సన్నటి మేకు అది, మధ్యలో వంగిపోయి ఉంది. అక్కడి నేల ఇసుక, గులకరాళ్లు. ఎంత దిగ్గొట్టినా మేకుకు పట్టు చిక్కదు.

అప్పుడు పనికొచ్చింది రెండు రాళ్ల పద్ధతి. తాడు కొసను పిడికెడంత రాయికి చుట్టి ముడి వేసి నేల మీద పెట్టాలి. దానికి ముందు, గుడారం వైపున, తాడు మీదుగా మనం మోయగలిగినంత పెద్ద రాయి పెట్టాలి. గాలి తాడును లాగేకొద్దీ చిన్న రాయి వెళ్లి పెద్ద రాయికి ఆనుకుని బిగుస్తుంది. తాడును నేరుగా పెద్ద రాయికి చుడితే దాని పదును అంచు రాత్రికి రాత్రే తాడును కోసేస్తుంది. చేతి తొడుగుల్లోనూ వేళ్లు మొద్దుబారాయి. ఆరు తాళ్లకు రాళ్లు పెట్టడానికి గంట పట్టింది. ఆ తర్వాత పోల్ భుజాన్ని తాకలేదు.

ఆ రాత్రి నుంచి ఈ గుడారంలో నేను అన్నిటికంటే విలువైనదిగా చూసేది పోల్స్ మందం కాదు, తాళ్లు కట్టే చోట్లు. నేల అంచున ఎనిమిది, సగం ఎత్తులో ఆరు ఉన్నాయి. ఆ ఆరింటికీ లోపలి వైపు చిన్న అంటుడు (వెల్క్రో) పట్టీలున్నాయి. వాటిని పోల్‌కు చుట్టి అంటించాలి. చుట్టకపోతే తాడు లాగేది గుడ్డను మాత్రమే, పోల్ తన మానాన తాను వంగిపోతుంది. చుడితే గాలి తోపు పోల్ మీదుగా తాడులోకి, తాడు మీదుగా రాయిలోకి దిగిపోతుంది. రెండు నిమిషాల పని. నా పక్కన గుడారాలు వేసినవాళ్లలో దీన్ని చేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొనేటప్పుడు దుకాణంలోనే పై తొడుగు తిరగేసి ఈ పట్టీలున్నాయో లేదో చూడండి. బరువు 200 గ్రాములు ఎక్కువైనా పర్వాలేదు.

లోపాలు లేకపోలేదు. నైలాన్ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించిన తొడుగు మంచుకో వానకో వదులై, వదులైన చోటే గాలికి పటపటలాడుతుంది. పడుకునే ముందు ఒకసారి, వాన మొదలయ్యాక ఒకసారి తాళ్లు బిగించక తప్పదు. మళ్లీ కొంటే పాలిస్టర్ తొడుగే కొంటాను, అది అంతగా సాగదు. గుడారంతో వచ్చిన మేకులు ఎందుకూ పనికిరావు. మూడు రెక్కల అల్యూమినియం మేకులు విడిగా కొన్నాను, నాలుగేళ్లుగా ఒక్కటీ వంగలేదు. లాహౌల్ దుమ్ముకు జిప్పు అరిగి, మూసినా పళ్లు కలవడం మానేశాయి. మా వీధిలో సంచులు కుట్టే ఆయన జిప్పు మొత్తం మార్చకుండా లాగే ముక్క ఒక్కటే మార్చి ఇచ్చారు. కొత్తదానిలా పనిచేస్తోంది.

షియాగోరులో వంగిన పోల్‌ను సాపు చేయబోతే కీలు దగ్గర పగులు కనిపించింది. బాలానగర్‌లో ఒక లేత్ షాపు వాళ్లు 12 సెంటీమీటర్ల అల్యూమినియం గొట్టం ముక్క కోసి, అంచులు నునుపు చేసి ఇచ్చారు. పోల్ మీదుగా జారి పగులును కప్పేంత వదులుగా ఉండాలని పోల్‌ను వెంట తీసుకెళ్లి కొలిపించాను. అలాంటి ముక్క ఇంకొకటి ఇప్పుడు ఎప్పుడూ సంచిలో ఉంటుంది. తాళ్లు మాత్రం రాణిగంజ్‌లో కొన్నాను, రెండున్నర మిల్లీమీటర్ల అల్లిక తాడు.

కొన్న కొత్తలో మేడ మీదే సాధన చేశాను. మే నెల సాయంత్రాల్లో వాన ముందు వచ్చే ఈదురుగాలికి ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లకు తాళ్లు కట్టి చూసేవాణ్ని. ఏ తాడు ముందు వదులవుతుందో అక్కడే తెలిసింది. ఉరుము వినబడగానే దిగిపోయేవాణ్ని. కొండ మీద కూడా అంతే. పిడుగుల వానలో శిఖరం మీద ఏ గుడారమూ కాపాడదు, కిందికి దిగిపోవాలి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. గాలి ఎక్కువగా ఉందని గుడారం మూసేసి లోపల స్టవ్ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలాంటి రాత్రుల కోసం వేయించిన అటుకులు, వేరుశనగలు, బెల్లం మూట విడిగా పెట్టుకుంటాం. గుడారంలో గాలి ఆడేందుకు ఉండే కన్నాలు కూడా పూర్తిగా మూయకండి. ఇద్దరి ఊపిరి తేమ తెల్లారేసరికి లోపలి గోడల మీద నీరై, గాలి ఊపుకు చినుకులుగా రాలుతుంది.

ఎక్కడ పడితే అక్కడ వేయడానికీ లేదు. ఉత్తరాఖండ్ పచ్చికబయళ్లలో రాత్రి బసను అక్కడి హైకోర్టు 2018లో నిషేధించింది. చంద్రతాల్ ఒడ్డున కూడా వేయనివ్వరు, గుడారాలన్నీ సరస్సుకు దూరంగానే ఉంటాయి. మన నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అనంతగిరికి వెళ్లినా ముందు అడిగే వేస్తాను.

ఇప్పుడు దీని స్థితి ఇది: పై తొడుగు రంగు వెలిసింది, నేల గుడ్డ లోపలి పూత ఒక మూల జిగటగా మారింది. ఒక వానాకాలం సరిగా ఆరకుండా మడిచిపెట్టిన ఫలితం అది. అప్పటి నుంచి ఇంటికి రాగానే రెండు రోజులు గదిలో ఫ్యాన్ కింద పరిచి ఆరబెడుతున్నాను. ఎండలో ఆరబెట్టను, నైలాన్‌ను ఎండ తినేస్తుంది. పోల్స్‌లో ఒక్కటే అతుకు. కుట్లు ఎక్కడా విడలేదు.

సెప్టెంబరులో బావ, నేను మళ్లీ హంప్తా దాటుతున్నాం. షియాగోరులో ఈసారి తోక కొండ వైపు పెడతాం, రాళ్లు వెలుగుండగానే ఏరుకుంటాం.