క్లస్టర్ డిస్కుకు పార్టిషన్ చేయాలా, డిస్కంతా అలాగే ఇవ్వాలా: ఏది మేలు?

ఒకే డేటాబేస్‌ను రెండు సర్వర్లు కలిసి నడిపే క్లస్టర్‌లో, స్టోరేజీ నుంచి వచ్చిన లన్‌ను (సర్వర్లకు ఒక డిస్కులా కనిపించే స్టోరేజీ భాగాన్ని) ఓరాకిల్ ఏఎస్‌ఎంకు (డేటాబేస్ డిస్కులను నిర్వహించే సాఫ్ట్‌వేర్‌కు) రెండు విధాలుగా అప్పగించవచ్చు. డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వడం ఒకటి; దానిపై ఒకే ఒక్క పార్టిషన్ (హద్దులు గీసిన భాగం) చేసి, దానిని ఇవ్వడం మరొకటి. పార్టిషన్ సరైన చోట మొదలైతే వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఆ డిస్కును తర్వాత ఎవరు, ఏమనుకుని ముట్టుకుంటారన్నదే అసలు ప్రశ్న.

డిస్కంతా ఇచ్చేవారి వాదనలో బలముంది. లన్ పరిమాణం పెంచినప్పుడు ప్రతి నోడ్‌లోనూ, అంటే క్లస్టర్‌లోని ప్రతి సర్వర్‌లోనూ, డిస్కును రీస్కాన్ చేసి, మల్టీపాత్‌కు (ఒకే డిస్కుకు ఉన్న పలు దారులను ఒకటిగా చూపే సాఫ్ట్‌వేర్‌కు) కొత్త పరిమాణం తెలిపి, ఏఎస్‌ఎంలో రీసైజ్ చేస్తే చాలు. పార్టిషన్ ఉంటే దాని హద్దును కూడా జరపాలి. పార్టిషన్ల హద్దులు రాసి ఉండే పట్టిక జీపీటీ అనే రకానిదైతే, డిస్కు చివర ఉండే నకలు పట్టికను కొత్త చివరకు మార్చాలి. అయితే ఏఎస్‌ఎంలో జాగా చాలనప్పుడు పాత లన్‌ను పెంచే బదులు అదే పరిమాణం గల కొత్త లన్‌ను డిస్క్ గ్రూపుకు (ఏఎస్‌ఎం కలిపి వాడే డిస్కుల సమూహానికి) చేర్చవచ్చు, డేటాను అన్ని డిస్కులకూ సర్దే పని ఏఎస్‌ఎంయే చూసుకుంటుంది. కనుక ఈ సౌలభ్యం అవసరమయ్యే సందర్భాలు తక్కువే.

డిస్కంతా ఇవ్వడంలోని ప్రమాదం మాత్రం చాలా పెద్దది. పార్టిషన్ పట్టిక లేని డిస్కు, పార్టిషన్లు చేసే లినక్స్ సాధనమైన ఎఫ్‌డిస్క్‌లో ఖాళీ డిస్కులాగే కనిపిస్తుంది. దానిపై ఎవరైనా కొత్త పట్టిక రాస్తే, డిస్కు మొదట్లోనే ఉండే ఏఎస్‌ఎం హెడర్ (ఆ డిస్కు తనదని ఏఎస్‌ఎం గుర్తుపట్టే సమాచారం) చెరిగిపోతుంది. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాల్లోని సర్వర్ గదుల్లో ఈ ప్రమాదాన్ని నేను అన్నిటికన్నా ముందు లెక్కిస్తాను. నెట్‌వర్కు, సర్వర్లు, బ్యాకప్ అన్నీ ఒక్కరే చూసుకునే చోట, ఆయన సెలవులో ఉన్న రోజు హైదరాబాద్ నుంచి లాగిన్ అయి పని చేసేవారికి ఏ డిస్కు దేనిదో తెలిసే అవకాశం తక్కువ. అందుకే ఇటువంటి చోట్ల పార్టిషనే మేలని నా దృఢమైన అభిప్రాయం. డిస్కులను మనుషులు కాక స్క్రిప్టులే నిర్వహించే పెద్ద కేంద్రాల్లో డిస్కంతా ఇచ్చినా ఇబ్బంది లేదు.

పార్టిషన్ పట్టికగా పాత రకమైన ఎంబీఆర్ కన్నా జీపీటీని ఎంచుకోవాలి, ఎందుకంటే 512 బైట్ల సెక్టార్లు (డిస్కును విభజించిన చిన్న భాగాలు) ఉన్న డిస్కుపై ఎంబీఆర్ 2 టీబీని దాటి చూపలేదు. పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర, అంటే సరిగ్గా 1 ఎంబీ దగ్గర మొదలు కావాలి. పాత పద్ధతిలో 63వ సెక్టార్ దగ్గర మొదలైతే, 4 కేబీ రాత ఒక్కొక్కటీ స్టోరేజీలో రెండు బ్లాకులపై పడి పని పెరుగుతుంది.

పార్టిషన్‌ను ఒక్క నోడ్ నుంచే చేయాలి. మిగతా నోడ్‌ల కెర్నెళ్లు (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాలు) పాత పట్టికనే జ్ఞాపకంలో ఉంచుకుంటాయి కాబట్టి, అక్కడ పట్టికను మళ్లీ చదివించే పార్ట్‌ప్రోబ్ ఆదేశం నడిపి, రెండు వైపులా ఒకే పరిమాణం కనిపించాకే ముందుకు సాగాలి. డిస్కులకు లినక్స్ ఇచ్చే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ వంటి పేర్లు రీబూట్ తర్వాత మారవచ్చు, ఒక్కో నోడ్‌లో ఒక్కోలా ఉండవచ్చు. అందుచేత డిస్కుల పేర్లు, అనుమతులు నిర్ణయించే లినక్స్ యూడెవ్ నియమంలో డిస్కు డబ్ల్యూడబ్ల్యూఐడీని (మారని గుర్తింపు సంఖ్యను) ఆధారం చేసుకుని, యజమానిగా గ్రిడ్ అనే యూజర్‌ను, గ్రూపుగా ఏఎస్‌ఎం అడ్మిన్‌ను, అనుమతిగా 0660ను (యజమానికీ, గ్రూపుకూ మాత్రమే చదివే, రాసే హక్కును) రాయాలి. ఆ నియమం డిస్కుకు కాక పార్టిషన్‌కు వర్తించేలా రాశారో లేదో రెండు నోడ్‌లలోనూ చూసుకున్నాకే డిస్క్ గ్రూపును సృష్టించాలి.