ఫైర్ స్టేషన్‌లో మిలిటరీ సెలవు: రోజుల లెక్కా, గంటల లెక్కా, షిఫ్టుల లెక్కా?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊరి నగరపాలక సంస్థకు జీతాల సాఫ్ట్‌వేర్ చూసే పనిలో ఉండేవాణ్ణి. ఒక రోజు ఫైర్‌ఫైటర్ ఒకాయన ఇంట్లో ఫ్రిజ్ మీదున్న క్యాలెండర్‌ని ఊడదీసి తెచ్చి నా బల్ల మీద పరిచాడు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ గడులు. ఏ, బీ, సీ షిఫ్టులన్నమాట. ఆయనది నీలం. నెలకొక శనాదివారం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఉంది. అవి నేషనల్ గార్డ్ డ్రిల్ రోజులు. గార్డ్ అంటే వేరే ఉద్యోగం చేసుకుంటూనే సైనికులుగా పనిచేసేవాళ్ల దళం. గీత లోపల నీలం గడి పడని నెలలు నాలుగే.

"జూన్ శిక్షణ సగంలో ఉండగానే సెలవు అయిపోయిందని మీ స్క్రీన్ చూపిస్తోంది. మిగతా రోజుల జీతం కోశారు," అన్నాడు. ఇలా సైనిక డ్యూటీకి వెళ్లేవాళ్లకు ఏడాదికి జీతంతో ఇచ్చే సెలవు కింద స్క్రీన్‌లో ఊరి ఉద్యోగులందరికీ ఒకే అంకె ఉంది: 176 గంటలు. గుమాస్తాకీ అదే, మంట మీదికి వెళ్లే మనిషికీ అదే. అందరినీ సమానంగా చూసినట్టే కనిపిస్తుంది. లెక్క వేస్తేగానీ అసలు సంగతి బయటపడదు.

గార్డ్, రిజర్వ్ సైనికులకు మామూలుగా నెలకొక వారాంతం డ్రిల్, ఏడాదికి రెండు వారాల శిక్షణ ఉంటాయి. ఆఫీసు ఉద్యోగికి శనాదివారాలు ఎలాగూ సెలవే కాబట్టి డ్రిల్ వల్ల ఒక్క గంట కూడా పోదు. రెండు వారాల శిక్షణకు 80 గంటలు పోతాయి. ఫైర్‌ఫైటర్ 24 గంటలు డ్యూటీ చేసి 48 గంటలు ఇంట్లో ఉంటాడు, సగటున వారానికి 56 గంటలు. ప్రతి మూడు వారాంతాల్లో రెండింటికి శనివారమో ఆదివారమో ఆయన షిఫ్టు పడుతుంది. అంటే ఏడాదిలో ఎనిమిది షిఫ్టులు, 192 గంటలు. రెండు వారాల శిక్షణలో ఇంకో నాలుగైదు షిఫ్టులు పోతాయి. అన్నీ కలిపితే 312 గంటల దాకా తేలుతుంది.

ఇప్పుడు మూడు పద్ధతుల్నీ ఈ 312 పక్కన పెట్టి చూడండి.

రోజుల లెక్క అన్నిటికన్నా పాతది. దీని చిక్కంతా ఒక ప్రశ్నలోనే ఉంది: రోజంటే ఏది? ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏళ్ల తరబడి 15 రోజుల సెలవులో డ్యూటీ లేని శనాదివారాలను కూడా కోసేశారు. 2000 చివర్లో చట్టం మార్చి గంటల్లోకి తెచ్చారు. అంతకు ముందు కోసిన కోతలు కూడా తప్పేనని 2003లో బటర్‌బా కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. ఆ దావా వేసింది జైళ్లశాఖ ఉద్యోగులు.

గంటల లెక్క స్పష్టంగా ఉంటుంది, కానీ ఎన్ని గంటలన్నదే ముఖ్యం. ఫ్లోరిడా ఏడాదికి 240 పని గంటలిస్తుంది. అవి సరిగ్గా పది షిఫ్టులు. మా 176తో ఏడు షిఫ్టులు, పైన ఎనిమిది గంటలు. 40 గంటల వారానికిచ్చే 176ని 56 గంటల వారానికి దామాషాలో పెంచుదామంటే 246 వస్తుంది. నాకూ మొదట అదే న్యాయమనిపించింది. కానీ అదీ చాలదు, ఎందుకంటే వారాంతపు డ్రిల్ దెబ్బ ఈ దామాషాలోకి రాదు.

షిఫ్టుల లెక్క ఒహాయో చట్టంలోనే ఉంది. మామూలు ఉద్యోగికి ఎనిమిది గంటల రోజులు 22. ఫైర్ సిబ్బందికి మాత్రం 24 గంటల రోజులు 17, అంటే 408 గంటలు. 312 పోయాక కూడా నాలుగు షిఫ్టులు మిగులుతాయి. నా ఓటు దీనికే, అనుమానం లేకుండా.

ఊరి ఖజానా వైపు నుంచి వచ్చే మాటను మాత్రం కొట్టిపారేయలేం. గుమాస్తా కుర్చీ ఒక రోజు ఖాళీగా ఉన్నా పని ఆగదు. ఫైరింజన్‌లో సీటు అలా ఖాళీగా వదలకూడదు. సెలవులో ఉన్నవాడికి 24 గంటల జీతం, ఆయన బదులు ఓవర్‌టైమ్‌కి వచ్చినవాడికి ఒకటిన్నర రెట్ల చొప్పున 36 గంటల జీతం. ఒక్క షిఫ్టుకు 60 గంటల ఖర్చు. చిన్న ఊళ్లకు ఇది నిజంగా బరువే. అయినా ఆ బరువు ఊరంతా పంచుకోవాల్సిందే గానీ డ్రిల్‌కి వెళ్లిన ఒక్క ఇంటి మీద పడకూడదు.

జీతంతో సెలవు లేకపోతే ఏమవుతుంది? 1994 నాటి ఫెడరల్ చట్టం యుసెర్రా ఉద్యోగాన్ని కాపాడుతుంది, సొంత సెలవులు వాడుకోమని యజమాని బలవంతపెట్టకుండా ఆపుతుంది. నేరుగా జీతమిమ్మని మాత్రం చెప్పదు. అందుకే స్టేషన్లలో షిఫ్టులు మార్చుకుంటారు. ఒకరి బదులు ఇంకొకరు చేస్తారు. చేతి సాయంలాగే ఉంటుంది, కానీ ఎనిమిది మార్పిళ్లంటే తిరిగి తీర్చాల్సిన ఎనిమిది రాత్రులు. పిల్లలున్న ఇంట్లో ఆ బాకీ ఎవరు మోస్తారో చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రమే స్క్రీన్‌లో రెండో వరుస చేర్చి 408 వేశాం. కోసిన జీతం తర్వాతి చెక్కులో వచ్చింది.

ఒక్క చోట ఒహాయో కూడా వెనకబడే ఉంది. అమెరికా అధ్యక్షుడి ఆదేశంతో ఏడాది పాటు సైనిక డ్యూటీకి పిలిస్తే, ఆ 408 గంటలు అయిపోయాక నగరం ఇవ్వాల్సింది తన జీతానికీ సైన్యమిచ్చే జీతానికీ మధ్య తేడా, అదీ నెలకు 500 డాలర్లు మించకుండా. డేటన్ పక్కన రైట్-ప్యాటర్సన్ ఎయిర్‌ఫోర్స్ బేస్ స్టేషన్లో ఫెడరల్ ఫైర్‌ఫైటర్‌కైతే ఆ తేడాకు అలాంటి పరిమితి లేదు. జాతీయ అత్యవసర స్థితి నడుస్తున్న కాలంలో పిలుపు వస్తే చాలని, ఆ అత్యవసరానికీ చేసిన డ్యూటీకీ సంబంధం చూపించనక్కర్లేదని 2025 ఏప్రిల్‌లో ఫెలిసియానో కేసులో సుప్రీంకోర్టు 5–4తో చెప్పింది కూడా. బేస్ గేటు బయటి ఊళ్లో అదే యూనిఫాం వేసుకుని వెళ్లినవాడి ఇంటికి మాత్రం 500 మించి రాదు. ఆ అంకె మార్చడం సాఫ్ట్‌వేర్ చూసేవాళ్ల చేతిలో లేదు.